పరిశోధన ధనమున ఆడుబిడ్డ పాలు

పుట్టినింటి యాస్తిలో ఆడుబిడ్డకును పాలు కలదని మన తెలుగునాట చట్టము వచ్చి నలుబది యేండ్లయినది. 1985వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీ మొదలు అది అమలులోనికి వచ్చెను. దేశమంతటికిని అట్టి హక్కు 2005లో గాని రాలేదు. చట్టము వచ్చినంతనే పాలు చేతికి వచ్చెనా యని యడిగినచో మన సోదరీమణులలో ననేకులు నవ్వి యూరకుందురు. ఆ కథ వేఱు. ఈ మాసమున మేము చెప్పదలచినది మఱియొక ధనమును గూర్చి. అది పొలము కాదు, బంగారము కాదు, బ్యాంకులో దాచినదియు కాదు. క్రొత్త సంగతులు కనుగొనుటకై శాస్త్రజ్ఞులకు ప్రభుత్వమువారును, ధర్మసంస్థలవారును ఇచ్చెడు పరిశోధన గ్రాంటులను గూర్చి. వానిని పంచునప్పుడు ఆడుబిడ్డ పాలు సరిగా వచ్చుచున్నదా?

“ఇంటిపట్టున నుండు మాకు ఈ గొడవ యేల?” యని పత్రిక మడిచిపెట్టకుడు. ఆ ధనము మనము కొనెడు సబ్బుమీదను, చీరమీదను, మందుబిళ్ళమీదను కట్టు పన్నులలోనిదే. ఏ రోగమును గూర్చి వెదకవలెను, ఏ పంటకు పట్టిన తెగులును గూర్చి శోధింపవలెను అనునది ఆ ధనము ఎవరి చేతికి పోవునో దానినిబట్టి యుండును. కాన్పునాటి బాధలను, రక్తహీనతను, నెలసరి కష్టములను శోధించుటకు అర్జీ పెట్టినవారిని మెచ్చినవారుండినగదా ఆ పని జరుగును! ఇక మీ యింటనే యొక కూతురో, కోడలో డాక్టరు పట్టమునకై చదువుచుండవచ్చును. ఈనాడు అట్టి యిండ్లు అరుదు కావు.

శాస్త్రజ్ఞులకు జీతము వచ్చుచుండగా వేఱుగా ధనమెందుకని కొందఱడుగుదురు. కళాశాలవారిచ్చు జీతము ఇల్లు గడచుటకు సరిపోవును. యంత్రములు, రసాయనములు, సహాయముగా పనిచేయు విద్యార్థుల వేతనములు, ఊరూర తిరిగి నమూనాలు తెచ్చు ఖర్చులు, ఇవన్నియు వేఱుగా సంపాదించుకొనవలసినవే. పొయ్యి యున్నది, పాత్రలున్నవి, వండునామె చేతిలో నేర్పు నున్నది. సంభారములు మాత్రము లేవు. గ్రాంటు లేని శాస్త్రజ్ఞుని స్థితి యట్టిది. కావున వారు పదునైదు ఇరువది పుటల అర్జీ వ్రాసి సంఘమువారికి పంపుదురు. అందు తాము చేయబోవు పని, దాని విధము, తాము ఇదివఱకు చేసిన పని వివరింతురు. ఆ శాస్త్రమున పెద్దలగువారు కొందఱు దానిని చదివి మార్కులు వేయుదురు. మార్కులను వరుసగా పేర్చి, ఉన్న ధనము ఎందఱకు చాలునో అందఱివద్ద గీత గీయుదురు. గీతకు పైనున్నవారు పరిశోధకులు. క్రిందనున్నవారు మఱుసటి యేటివఱకు వేచియుండువారు.

ఈ మార్కులు వేయు గది తలుపులు సాధారణముగా మూయబడి యుండును. ఒక్కసారి మాత్రము వానిని ఇద్దఱు స్త్రీలు తెఱపించిరి. ఆ కథ మన మహిళలకు తెలిసియుండదగినది.

స్వీడను దేశమున గోటెబోర్గు నగర విశ్వవిద్యాలయమున క్రిస్టీను వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డు అను నిద్దఱు వైద్యశాస్త్ర పరిశోధకురాండ్రు పనిచేయుచుండిరి. స్వీడను స్త్రీపురుష సమానత్వమున లోకమునకెల్ల మేలుబంతియని ఐక్యరాజ్యసమితివారిచే పొగడబడిన దేశము. ఆ దేశమున వైద్యశాస్త్రమున డాక్టరు పట్టము పొందువారిలో నూటికి 44 మంది స్త్రీలే. కాని ఆ తరువాతి మెట్టైన పరిశోధనోద్యోగములలో 25, ఆచార్య పదవులలో 7 మాత్రమే స్త్రీలవి. మిగిలినవారేమైరి? “వారికి ఉత్సాహము తక్కువ, వ్యాసములు తక్కువగా వ్రాయుదురు” అని పెద్దల సమాధానము. ఈ సమాధానము నిజమో కాదో తేల్చవలెనని వీరిద్దఱు నిశ్చయించుకొనిరి. నిజమో కాదో తేల్చుటయే గదా శాస్త్రజ్ఞుల వృత్తి!

1995లో ఆ దేశపు వైద్య పరిశోధనా సంఘమువారికి ఫెలోషిప్పుల కొఱకు 114 మంది అర్జీ పెట్టుకొనిరి. అందు పురుషులు 62, స్త్రీలు 52. ఫెలోషిప్పులు దొరకినవి 20 మందికి. 16 గురు పురుషులు, నలుగురు స్త్రీలు. ఎవరెవరికి ఎన్ని మార్కులు వేసితిరో చూపుడని మన వనితలు అడిగిరి. సంఘమువారు చూపమనిరి. కాని స్వీడనులో 1766 నాటినుండి ప్రభుత్వ కాగితములను ప్రజలు చూడవచ్చునను చట్టమొకటి కలదు. వీరు న్యాయస్థానమునకు పోయిరి. అవి ప్రజల కాగితములే, చూపవలసినదేయని తీర్పు వచ్చెను. రెండువందల యేండ్లకు పైబడిన ఆ చట్టము చేసినవారు దానిని ఇద్దఱు ఆడువారు ఇట్లు వాడుకొందురని కలగని యుండరు.

కాగితములు చేతికి వచ్చిన పిదప వారు చేసినది కోపపు పని కాదు, లెక్కల పని. ప్రతి అర్జీకిని ఐదుగురు పరీక్షకులు మూడు విషయములకు సున్న మొదలు నాలుగువఱకు మార్కులు వేసియుండిరి. వ్యక్తి సామర్థ్యమునకు పురుషులకు సగటున 2.46, స్త్రీలకు 2.21. పని చేయు విధమునకు 2.54, 2.37. పని యుపయోగమునకు 2.62, 2.49. మూడింటను స్త్రీలకు తక్కువే. అందును అన్నిటికంటె ఎక్కువ తఱుగు సామర్థ్యమున. సరే, స్త్రీలు నిజముగనే తక్కువ పని చేసియుండవచ్చును గదా యని, ప్రతివారును వ్రాసిన వ్యాసములు లెక్కించి, అవి వెలువడిన పత్రికల గౌరవమునుబట్టి వానికి విలువ కట్టిరి. అప్పుడు తేలిన దేమి? విలువ నూఱు దాటిన స్త్రీలను, అనగా వారిలో మిగుల శ్రేష్ఠులగువారిని, పరీక్షకులు పురుషులతో సమానముగా నెంచిరి. ఏ పురుషులతో ననుకొన్నారు? విలువ ఇరువదికి లోబడిన వారితో, పురుషులలో అందఱికంటె తక్కువ పని చేసినవారితో!

సగటు పురుషునితో సమానమని యనిపించుకొనుటకు స్త్రీ వానికంటె రెండున్నర రెట్లు పని చేసియుండవలెనని వారి లెక్క. ఆ లోటు పూడ్చుటకు ‘నేచర్’, ‘సైన్స్’ వంటి మహాపత్రికలలో మూడు వ్యాసములో, ఆయా శాస్త్రముల మంచి పత్రికలలో ఇరువది వ్యాసములో అదనముగా వ్రాయవలెను. ఇరువది వ్యాసములనగా ఎందఱి పరిశోధకుల జీవితకాలపు శ్రమయో! ఈ సంగతి 1997 మే 22వ తేదీని ‘నేచర్’ పత్రికయందే వెలువడెను.

వారు మఱియొకటి కూడ కనుగొనిరి. సంఘసభ్యులలో నెవరితోనైన ముందే సంబంధమున్నవారికి మార్కులు ఎక్కువ పడుచుండెను. సంబంధమున్న సభ్యుడు తాను మార్కులు వేయక ప్రక్కకు తొలగుటయు కలదు. అయినను మిగిలినవారు ఆ లోటును తామే తీర్చుచుండిరట. “మనవాడు” అను మాట మన దేశపు సొత్తే యనుకొనువారికి ఇది యొక యూరట. స్త్రీయై, లోపల తెలిసినవారు లేనిదైనచో, ఆ రెండు లోట్లను పని చేసి పూడ్చుట దాదాపు అసాధ్యమని ఆ వనితల నిర్ణయము. పదేండ్లు గడచిన పిదప, 2008లో, అదే దేశమున ఇంకొకరు క్రొత్త అర్జీలను మరల లెక్కవేసిరి. స్త్రీలకు తఱుగు పోయినది, కొంత మొగ్గు కూడ కనబడినది. సంబంధీకుల మొగ్గు మాత్రము ఎక్కడిదక్కడనే యున్నది! తలుపు తెఱచినచో ఒక దోషము దిద్దుకొనబడునని దీనివలన మాకు తోచుచున్నది. రెండవది గట్టి పిండము.

మేము ముప్పది యేండ్లు రసాయనశాస్త్రము బోధించినవారము. ఉద్యోగమున చేరిన తొలి దినములలో మేమును ఒక గ్రాంటునకు అర్జీ పెట్టితిమి. బావినీటిలోని ఫ్లోరైడును చౌకగా తొలగించు విధమును శోధింపవలెనని మా యుద్దేశము; నల్లగొండ జిల్లాలో ఆ నీరు త్రాగి ఎముకలు వంగిన బిడ్డలను కన్నులార చూచినవారము గనుక. పిలుపు వచ్చెను. ఏడుగురు పెద్దలు బల్లకావల కూర్చుండిరి. మా విధమును గూర్చి ఇద్దఱు రెండు మంచి ప్రశ్నలడిగిరి. పిదప నడుమ కూర్చున్న పెద్దమనిషి కండ్లజోడు సవరించుకొని, “అమ్మా, మీ వారికి బదిలీ యైనచో ఈ యంత్రము గతి యేమి?” అని యడిగెను. ఆ గది యందఱును నవ్విరి. ఆ నవ్వులో ద్వేషము లేదు; అదియే విచిత్రము. ఇంటికి వచ్చిన కోడలిని ఆటపట్టించినట్లు నవ్విరి. మా వారిది బదిలీలు లేని యుద్యోగమని చెప్పితిమి. ఆ జవాబు ఎవరును వ్రాసికొన్నట్లు కనబడలేదు. మాకు ముందు వచ్చిన యువకుని భార్యయు ఉద్యోగినియే. వానిని ఆమె బదిలీని గూర్చి అడిగిరా యని బయట విచారించితిమి. వాడు మా ప్రశ్నయే అర్థము కాక తెల్లబోయెను. గ్రాంటు మాకు రాలేదు. ఎందుకు రాలేదో తెలుపు కాగితమును రాలేదు.

ఆ ప్రశ్నకును ఫ్లోరైడునకును సంబంధమేమి? మనిషిని తూచుటకును, పనిని తూచుటకును గల భేదమే యిక్కడ ముఖ్యము. దీనిని కెనడావారు, తాము కోరకయే, చక్కగా ఋజువు చేసిరి. అచ్చటి ఆరోగ్య పరిశోధనా సంస్థలవారు తమ గ్రాంటులను కొంతకాలము రెండు విధములుగా పంచిరి. ఒక విధమున ముఖ్యముగా చేయబోవు పనిని చూచి మార్కులు. రెండవ విధమున ముఖ్యముగా పని చేయు మనిషి గొప్పతనమును చూచి మార్కులు. 2011 మొదలు 2016 వఱకు వచ్చిన 23,918 అర్జీలను పరిశీలించి 2019లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఫలితము ప్రకటించిరి. పనిని చూచినచోట స్త్రీపురుషుల జయములకు నడిమి భేదము నూటికి ఒకటి లోపే, 0.9. మనిషిని చూచినచోట అది 4.0. మొత్తముమీద నూటికి పదునాఱుగురికి మాత్రమే గ్రాంటు దొరకుచుండగా నాలుగు భేదమనునది సామాన్యము కాదు. స్త్రీలు వ్రాసిన పని తక్కువది కాదు. వ్రాసినది స్త్రీయని గుర్తుంచుకొనమన్నచోటనే వారు వెనుకబడిరి.

అట్లయినచో పేరు కప్పిపుచ్చినచో సరిపోవును గదా! మేమును మొదట నట్లే తలచితిమి. పరీక్ష పేపర్లు దిద్దునప్పుడు నంబరే గాని పేరుండదు గదా. గేట్స్ ధర్మసంస్థవారు ఒక పథకమున పరీక్షకులకు పేరు తెలియనీయకుండ అర్జీలు చూపిరి. అమెరికానుండి వచ్చిన 6,794 అర్జీలను కొందఱు ఆర్థికశాస్త్రజ్ఞులు చదివి 2019లో ప్రకటించిన దేమనగా, పేరు లేకున్నను స్త్రీల అర్జీలకు మార్కులు తక్కువే పడినవట. కారణము మాటలలో దొరకినది. స్త్రీలు తాము చేయబోవు పనికి కొలతబెట్టినట్లు ఆ పనికే చెందిన సన్నని మాటలు వ్రాసిరి. పురుషులు పలు శాస్త్రములను కప్పునట్టి వెడల్పు మాటలు వ్రాసిరి. పరీక్షకులు వెడల్పు మాటలను మెచ్చిరి. అయితే ధనము చేతికి వచ్చిన పిదప ఆ వెడల్పు మాటల వారు ఎక్కువ ఘనకార్యము చేసినదేమియు లేదు.

దీనిని చదువునప్పటికి మా చెల్లెలి కుమార్తె తన అర్జీ ముసాయిదా మాకు పంపియుండెను. ఆమె మొక్కల తెగుళ్ళ శాస్త్రము చదివినది. నిజామాబాదు ప్రాంతమున పసుపునకు పట్టెడు దుంపకుళ్ళును నేలలోని మేలు చేయు సూక్ష్మజీవులచేత అడ్డవచ్చునా యని శోధింపవలెనని ఆమె కోరిక. ముసాయిదా శీర్షికలోనే “ఒక చిన్న పరిశీలన” అని వ్రాసికొన్నది! ఆమె ప్రక్కగదిలోని సహోద్యోగి, పని ఇంచుమించు ఆపాటిదే యైనను, “దక్షిణభారతమున నేలయందలి జీవప్రపంచము” అని శీర్షిక పెట్టియుండెను. మేము ఎఱ్ఱ కలముతో ‘చిన్న’ కొట్టివేసితిమి. “పెద్దమ్మా, ఉన్నది చిన్నదే గదా, అబద్ధము వ్రాయుమందువా?” అని ఆమె యడిగెను. అబద్ధము వలదు గాని, పసుపు పండించు రైతు కుటుంబమునకు ఒక యేటి పంట చిన్నది కాదని వ్రాయుమంటిమి. ఆడుపిల్లలకు అడకువ నేర్పినది మనమే. ఆ అడకువకు మార్కులు తగ్గించువారు వేఱొకరు.

అన్ని లెక్కలును స్త్రీలకు అన్యాయము జరిగినదనియే చూపవు. హాలెండు దేశపు పరిశోధన సంస్థకు వచ్చిన 2,823 అర్జీలను చూచి, పురుషులకు నూటికి 17.7, స్త్రీలకు 14.9 చొప్పున జయము కలిగెనని 2015లో ప్రకటించిరి. వెంటనే మఱియొక గణితజ్ఞుడు, స్త్రీలు ఎక్కువగా అర్జీ పెట్టిన శాస్త్రములలో పోటీ యెక్కువ, ధనము తక్కువ. శాస్త్రమునకు శాస్త్రము విడదీసి చూచినచో ఆ భేదము నిలువదని చూపెను. ఆ వాదము సరియైనదే. అయినను స్త్రీలు ఎక్కువగా చేరిన శాస్త్రములకే ధనము తక్కువగా నేల యుండెనో అను ప్రశ్న మాత్రము మిగిలియున్నది. ఆడువారు వండు వంటకు జీతము లేదు, హోటలులో వండువానికి జీతము కలదు. ఆ తీరు ప్రశ్న యిది.

మన పూర్వకథలు కొన్ని జ్ఞప్తికి వచ్చుచున్నవి. 1933లో కమలా భాగవత్ అను బొంబాయి కన్య, పరీక్షలో ప్రథమురాలై, బెంగుళూరి విజ్ఞానశాస్త్ర సంస్థలో చేరబోగా, స్త్రీయను కారణముచే అధ్యక్షుడైన సర్ సి. వి. రామన్ కాదనెను. ఆమె ఊరక తిరిగిపోక పట్టుబట్టి, ఒక యేడు పరీక్షార్థముగా నుండుటకు ఒప్పుకొని చేరినది. 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందినది. వివాహానంతరము కమలా సొహోనీయని ప్రసిద్ధురాలైనది ఆమెయే. మలబారు వనిత జానకీ అమ్మాళ్ అమెరికాలో మిషిగను విశ్వవిద్యాలయమున 1931లో డాక్టరు పట్టమందినది. ఆమెకు తోడ్పడిన బార్బరు వేతనము ఆసియాఖండపు స్త్రీల కొఱకే 1917లో ఏర్పడినది. మన భీమవరపు యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునకు పోవుటకు కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధివారి మాటసాయమును, మామగారు కూడబెట్టిన ధనమును తోడ్పడెను. ఆ మహనీయుని వలన లోకమునకు కలిగిన మేలు చెప్పనలవి కాదు. కాని, అల్లుని పరిశోధనకు మామగారు ధనము కూర్చిన కథలు విన్నాము; కోడలి పరిశోధనకు కూర్చిన మామగారి పేరు చెప్పుడనిన మాకు వెంటనే తోచుట లేదు.

మఱియొక కథ చెప్పక తప్పదు. రెండు నోబెలు బహుమానములు పొందిన మేరీ క్యూరీ యొద్ద 1921 నాటికి తన పనికి చాలినంత రేడియము లేదు! ఆమె కనుగొన్న పదార్థమే అది. ఒక గ్రాము వెల లక్ష డాలర్లు. మేరీ మెలోనీ యను పత్రికా సంపాదకురాలు అమెరికా స్త్రీలనుండి చందాలు కూర్చి ఆ గ్రాము కొనిపించెను. ఆ సంవత్సరము మే 20వ తేదీని ఆ దేశాధ్యక్షుడు దానిని క్యూరీకి సమర్పించెను. మెలోనీ నడపినది స్త్రీల పత్రికయే యని పాఠకురాండ్రు గమనింతురు గాక.

మన దేశమున ఇప్పుడు స్త్రీలకని వేఱు పంక్తులు వేసియున్నారు. 2002-03లో కేంద్ర విజ్ఞాన సాంకేతిక శాఖవారు స్త్రీ శాస్త్రజ్ఞుల పథకము పెట్టిరి. పెండ్లి, కాన్పులు, బదిలీలు, అత్తమామల రోగములు, వీనివలన పని మానినవారు 27 మొదలు 57 యేండ్లలోపు ఎప్పుడైనను మరల మొదలిడవచ్చునని దాని సారము. 2020 అక్టోబరులో శాస్త్ర సాంకేతిక పరిశోధన మండలివారు ‘పవర్’ అను పేర స్త్రీలకే గ్రాంటులు ప్రకటించిరి. మూడేండ్లకు 60 లక్షల వఱకు నొక తరగతి, 30 లక్షల వఱకు నొక తరగతి. ఆ మండలి 2024లో అనుసంధాన జాతీయ పరిశోధన సంస్థలో కలిసిపోయినది. ప్రభుత్వపు లెక్కలనుబట్టి బయటి గ్రాంటులతో నడచు పరిశోధనలలో స్త్రీల పాలు 2000-01లో నూటికి 13 ఉండగా, 2016-17 నాటికి 24 అయినది. పెరుగుదల మంచిదే. నూటికి డెబ్బదియాఱు అప్పటికిని ఆవలి పంక్తిలోనే యుండెను.

వేఱు పంక్తి వేయుట న్యాయమాయని మాతో వాదించువారు కలరు. “తెలివికి ఆడ మగ యేమిటి? ఇది జాలి కాదా?” అందురు. జాలియే యైనచో మేమును ఒప్పుకొనము. కాని ఇరువదేడవ యేట పట్టము పొంది, ముప్పదియైదు దాటకుండ పేరు తెచ్చుకొనవలెనను నియమము ఎవరి బ్రదుకును చూచి చేసినది? సరిగా ఆ యెనిమిదేండ్లలోనే గదా మన యింట బిడ్డలు పుట్టునది! ఐరోపా పరిశోధన మండలివారు తల్లులకు బిడ్డ యొక్కటికి 18 నెలల చొప్పున గడువు పొడిగింతురు. ఇది జాలి కాదు, లెక్క. ఆస్ట్రేలియా వైద్యపరిశోధన మండలివారు 2022లో ఇంకొక యడుగు వేసి, తమ పెద్ద గ్రాంటులను మఱుసటి సంవత్సరమునుండి స్త్రీపురుషులకు సమసంఖ్యలో ఇత్తుమని ప్రకటించిరి. మా యభిప్రాయమున వేఱు పంక్తి లోపలికి వచ్చుటకు మంచి వాకిలి. దానితో తృప్తిపడి పెద్ద పంక్తిలో మార్కులు ఎట్లు పడుచున్నవో అడుగుట మానరాదు. మనకును 2005 నుండి సమాచార హక్కు చట్టము కలదు. మన సంఘములు ఏటేట స్త్రీపురుషుల అర్జీలెన్ని, జయములెన్ని, ఇచ్చిన ధనమెంత యని తమంత తామే అచ్చువేసి ప్రకటించుట కష్టమైన పని కాదు. గ్రాంటుల సంఖ్యయే కాక సొమ్మును చూడవలెను. అమెరికాలో తొలిసారి గ్రాంటు పొందినవారిని 2006 మొదలు 2017 వఱకు చూడగా, ఆరోగ్యసంస్థలవారు స్త్రీలకిచ్చినది నడిమి లెక్కన 1,26,615 డాలర్లు, పురుషులకు 1,65,721 డాలర్లు. ఇద్దఱును గెలిచినవారే, అయినను విస్తరి లోని వడ్డన వేఱు.

ఇక ఇంటి సంగతి. అర్జీ వ్రాయుటకు ఒక నెల దినములైనను నిశ్చింతగా కూర్చుండు తావు కావలెను. మా చెల్లెలి కుమార్తెకు ఇద్దఱు బిడ్డలు, చిన్నవానికి మూడేండ్లు. రాత్రి వారు నిద్రించిన పిదప వంటగది గట్టుమీద కంప్యూటరు పెట్టుకొని వ్రాయుచుండెను. నాలుగు దినములు చూచి ఆమె అత్తగారు, చదివినది ఐదవ తరగతియే యైనను, “పగటిపూట వ్రాసికొనుము, పిల్లలను నేను చూచెదను. రాత్రి వ్రాసినది తెల్లవారి చూచిన తప్పులే కనబడును” అని చెప్పి, తన పూజగది నామెకు విడిచినది. దేవుని పటములు ఆ నెల హాలులోని గూటికి మాఱినవి. ఆ యింటి పురుషులు దీనిని గూర్చి ఏమనుకొనిరో మాకు తెలియదు. ఉదయపు కాఫీ మాత్రము అల్లుడుగారే కలుపుట నేర్చినట్లు విన్నాము.

ఆ అర్జీలో ఒక గడి కలదు. “పనిలో విరామము కలిగినచో కారణము తెలుపుడు” అని దాని పైని వ్రాసియున్నది. మా పిల్ల తొలుత “స్వంత కారణములు” అని రెండు మాటలు వ్రాసినది. సిగ్గుపడవలసినదేమి యని మేమడుగగా కొట్టివేసి, రెండు కాన్పులు, మామగారి పక్షవాతము, మొత్తము నాలుగేండ్ల రెండు నెలలు అని తేదీలతో వ్రాసినది. మామగారి సంగతి వ్రాయుటకు అత్తగారి యనుమతి యడిగినది కూడ. “ఉన్నమాటయే గదా, వ్రాయుము” అని ఆమె చెప్పెనట.

అర్జీ గడువునకు రెండు దినములు ముందే పోయినది. శీర్షికలో ‘చిన్న’ లేదు. ఫలితము తెలియుటకు ఆఱు నెలలు పట్టునట. ఈలోగా పసుపు త్రవ్వు ఋతువు వచ్చుచున్నది గనుక, ఆమె తన జీతములోనే కొంత వెచ్చించి, సెలవు దినములలో నిజామాబాదు బస్సెక్కి కుళ్ళిన దుంపలు సంచులతో తెచ్చుకొనుచున్నది.